దేవుడితో తగువు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. పెళ్ళయి నరసన్నపేట వచ్చాక మా అత్త ఆ మాటను ఇంకాస్త సాగదీసి, "దీనికి ముక్కు పెట్టినాకే కోపం పెట్టినాడో, కోపం పెట్టినాకే ముక్కు పెట్టినాడో ఆ దేవుడికే తెలియాల" అంది. అలాంటి దాన్ని తీసుకొచ్చి, నెలకోసారి నలుగురిలో లేచి నిలబడి నాకెవరితోనూ తగువు లేదని చెప్పాల్సిన సంఘంలో పడేశారు.

అరవైల చివరి సంవత్సరాలు. మా సంఘం చిన్నది. పెంకులు కప్పిన ప్రార్థన గుడి, ఆడవాళ్ళకొక వైపు, మగవాళ్ళకొక వైపు పరిచిన చాపలు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. దానికి ముందురోజు సాయంత్రం నిబంధన కూటం. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ళూ ఆ కూటంలో వరసగా లేచి, "దేవుడితోనూ మనుషులతోనూ సమాధానంగా ఉన్నాను" అని చెప్పాలి. చెప్పలేనివాళ్ళు మర్నాడు రొట్టె ముట్టకూడదు. పళ్ళెం వాళ్ళ ముందు ఆగకుండా పక్కవాళ్ళకి వెళ్ళిపోతుంది. గుడిలో అందరి కళ్ళూ ఆ పళ్ళెం మీదే ఉంటాయి. మధ్యాహ్నం భోజనాల వేళకి వీధివీధంతటికీ తెలిసిపోతుంది.

తగువులు తీర్చే బాధ్యత సంఘ పెద్దది. ఆయనది వ్యవసాయం. పొలం గట్ల దగ్గర గొడవలొచ్చినా ఊళ్ళోవాళ్ళు ఆయన్నే పిలిచేవారు. ఆయన పద్ధతి ఒకటే. తన ఇంటి వసారాలో రెండు చాపలు ఎదురెదురుగా వేయిస్తాడు. తగువు పడ్డ ఇద్దరినీ చెరోదాని మీదా కూర్చోబెడతాడు. ఒకరు చెప్తున్నంతసేపూ రెండోవాళ్ళు నోరు మెదపకూడదు. అంతా అయ్యాక కోపం పోయిందా అని అడగడు. "రేపట్నుంచి మాటలుంటాయేటి?" అని మాత్రం అడుగుతాడు. ఉంటాయంటే తగువు తీరినట్టే.

ఓసారి ఒకావిడ మేక తోటికోడలి చిక్కుడుపాదు మేసేసింది. ఇద్దరూ జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. వసారాలో గంటసేపు వాదించుకున్నాక చిక్కుడుపాదు ఆవిడ, "మాటలుంటాయి గానీ దాని మొకం సూడను" అంది. పెద్దాయన కాసేపు ఆలోచించి, "మొకం సూడకుండానే మాటాడు, నీ ఇష్టం" అన్నాడు. ఆ ఆదివారం ఇద్దరూ చెరో వైపు తిరిగి రొట్టె తిన్నారు.

మా పాస్టరుగారిని అయ్యగారనేవాళ్ళం. వేరే ఊరి నుంచి వచ్చిన మనిషి, మెత్తని మనసు. ఆయన ప్రసంగాల ప్రకారం మనిషి మనసులోకి వచ్చేవాటిలో దేవుడు పంపినవి కొన్ని, పంపనివి కొన్ని. సంతోషం, సమాధానం, ఓర్పు దేవుడు పంపినవి. కోపం, దిగులు, భయం వాకిట్లోంచే పంపించెయ్యాల్సిన చుట్టాలు. వినడానికి బాగానే ఉండేది. నేనూ తల ఊపేదాన్ని. మా ఇంటికి ఆ చుట్టాలు రానంతకాలం ఎవరైనా ఊపుతారు.

మా పాపకి మూడో ఏడు నడుస్తోంది. ట్రంకు రోడ్డు మీద లారీ హారను వినబడితే ఎక్కడున్నా సరే జవాబుగా తనూ ఓ కూత కూసేది. గుడిలో అందరూ పాట ఆపాక ఒక్కతే చప్పట్లు మొదలెట్టేది. ఆ వానాకాలంలో దానికి జ్వరం వచ్చింది. టైఫాయిడ్ అన్నాడు డాక్టరు. సంఘమంతా మా ఇంట్లో మోకాళ్ళూని ప్రార్థన చేసింది. రోజులు గడిచాక ఓ పొద్దున పాప ఒళ్ళు చల్లబడింది. లేచి గంజి అడిగింది.

"ఓలమ్మీ, జొరం దిగిపోనాది! దేవుడికి మాటిచ్చినాను, కృతజ్ఞతా కూటం పెట్టించాల" అని అత్త ఆ క్షణమే లేచింది. కాస్త కోలుకోనిద్దాం అని మా ఆయన అనబోయాడు. ఆయన అక్కడే బళ్ళో పంతులు. బళ్ళో ఎంత గట్టిగా మాట్లాడేవాడో ఇంట్లో తల్లి ముందు అంత మెల్లగా మాట్లాడేవాడు. అత్త వినలేదు. పెద్ద గిన్నెలో పులిహోర కలిపాం. సంఘమంతా వచ్చింది. పాటలు పాడారు. నా వంతు వచ్చింది. పాపని ఎత్తుకుని నిలబడి, నా బిడ్డని నాకు తిరిగిచ్చినందుకు స్తోత్రం అన్నాను. ఎంత సంతోషంగా అన్నానో. పులిహోర బాగా కుదిరిందని అందరూ అన్నారు. అదీ గుర్తే నాకు.

వారం తిరక్కుండానే జ్వరం మళ్ళీ వచ్చింది. ఈసారి పాప గంజి అడగలేదు.

సమాధి దగ్గర పక్కింటి రైతుల ఆడవాళ్ళు ఇద్దరు రాగం తీసి ఏడవబోతే మావాళ్ళు ఆపారు. మనకు నిరీక్షణ ఉంది, పరలోకంలో మళ్ళీ చూస్తామన్న ఆశ ఉంది, అది లేనివాళ్ళలా ఏడవకూడదు అన్నారు అయ్యగారు. అందరూ పరలోకపు పాట పాడారు. నేనూ పాడాను. పాడుతూంటే కళ్ళు పొడిగా ఉన్నాయి. అది విశ్వాసమనుకున్నారు. "ఎంత ఓదార్పు ఇచ్చినాడో సూడు దేవుడు" అని ఒకావిడ నా భుజం తట్టింది. ఆ చెయ్యి విసిరికొట్టాలనిపించింది.

ఆ రోజు నుంచీ నేను కూర్చోలేకపోయాను. ఏదో మాటవరసకి అనడం లేదు, నిజంగానే కూర్చోలేకపోయాను. పీట మీద కూర్చుంటే అన్నం సగంలో లేచిపోయేదాన్ని. ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చేదాన్ని. నులక మంచం విప్పి మళ్ళీ అల్లాను. అల్లిక నచ్చక మళ్ళీ విప్పాను. ఎవరికీ అక్కర్లేని పిండి రుబ్బాను. ఇంట్లో పని అయిపోతే రోడ్డు మీదికి వెళ్ళేదాన్ని. ఇటు శ్రీకాకుళం వైపు కొంతదూరం నడిచి, ఏం చేస్తున్నానో తోచక వెనక్కి తిరిగేదాన్ని. లారీ వస్తే చెవులు మూసుకునేదాన్ని.

"ట్రంకు రోడ్డు మీదికి ఎల్లకు" అనేవాడు మా ఆయన. "కొండల కాడ నక్సలైట్ల గొడవలు. పోలీసు వ్యాన్లు తిరగతన్నాయి. అడిగితే ఏటని సెప్తావు?"

ఏమని చెప్తాను? కాళ్ళు ఆగడం లేదు బాబూ అని చెప్తానా?

"కూకోవే! కాలుకాలిన పిల్లిలాగ ఏటా తిరగడం?" అనేది అత్త. తను మాత్రం రాయిలా కూర్చునేది. పొద్దున్నే లేచి స్తోత్రాలు చెప్పుకునేది. ఇచ్చినవాడే తీసుకున్నాడు, గొణక్కూడదు అని నాకు రోజూ చెప్పేది. మనవరాలు పోతే ఈ ముసలిదానికి ఏమీ అనిపించదా అని నాకు ఒళ్ళు మండేది. గుడిలో ఎవరు ఎదురైనా "ఆదరణ పొందినావా అమ్మా?" అని అడిగేవారు. పొందానంటే అబద్ధం. లేదంటే నా విశ్వాసం కోసం ప్రార్థన పెడతారు. అందుకని తల పంకించేదాన్ని, అది అవునో కాదో వాళ్ళే తేల్చుకోనీ అని.

ప్రార్థన చేయబోతే నోరు పెగిలేది కాదు. మోకాళ్ళూనగానే లోపల ఏదో లేచి నిలబడేది. అది కోపం. నాకు దాంతో పాత పరిచయమే కాబట్టి పోల్చుకున్నాను. అయితే ఎప్పుడూ అత్త మీదో, మా ఆయన మీదో, పాలలో నీళ్ళు కలిపే మనిషి మీదో వచ్చే కోపమది. ఇది పైకి చూస్తోంది. దానికి భయపడి ప్రార్థన మానేశాను. ఇలా ఇంకొన్నాళ్ళు గడిస్తే నాకు మతిపోతుందనిపించింది. ఉన్నమాట చెప్తే సంఘం వెలివేస్తుంది, చెప్పకపోతే లోపల ఊపిరాడదు.

నిబంధన కూటం వచ్చింది. అందరూ వరసగా లేస్తున్నారు, సమాధానంగా ఉన్నానంటున్నారు, కూర్చుంటున్నారు. అత్త లేచి గట్టిగా చెప్పింది. తర్వాత నేను. లేచాను. వాక్యం మొత్తం నోటికొచ్చు. ఎన్నిసార్లు చెప్పలేదు? నోరు తెరిచాక వేరే మాట వచ్చింది.

"సమాధానంగా లేను."

"ఎవరితో అమ్మా?" అన్నారు అయ్యగారు. ఆయన అడగకముందే ఆడవాళ్ళంతా మా అత్త వైపు చూశారు. అత్తాకోడళ్ళ మధ్య కాక ఇంకెవరి మధ్య తగువుంటుంది? అత్త మొహం నల్లబడింది. ఆవిడ మీద నాకు కోపమున్న మాట నిజమే కానీ, చెయ్యని తప్పు ఆవిడ నెత్తిన పడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

"అత్తతో కాదు. దేవుడితో."

ఎవరో "అయ్యో" అన్నారు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇది సాతాను పెట్టే శోధన అనీ, ఆ శత్రువు దుఃఖంలో ఉన్నవాళ్ళనే పట్టుకుంటాడనీ మొదలెట్టారు. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమన్నా కూర్చోగలిగేదాన్ని కాదు. అప్పుడు సంఘ పెద్ద లేచాడు.

"అయ్యగారూ, తగువున్నాదని పిల్ల సెప్పినాది. తగువుంటే బల్లకి ముందల తీర్చాలని రూలు. రేపు పొద్దున మా వసారాలోకి రమ్మనండి."

"దేవుడి మీద తగువా! దానికి పంచాయితీ ఏమిటండీ?"

"ఎవల మీదైతే ఏటి? తగువు తగువే కదా. మనిషి మీదైతేనే తీర్చాలని మీరెప్పుడూ సెప్పనేదు."

ఆయన హాస్యానికి అనలేదు. ఆయనకు తెలిసిన దారి అదొక్కటే. గుడిలో ఒక్కరూ నవ్వలేదు. ఇంటికి వస్తూ అత్త నాతో మాట్లాడలేదు. మా ఆయన ఇద్దరి మధ్యా నడిచాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. పెద్దాయన భార్య అలవాటు ప్రకారం వసారా కడిగి రెండు చాపలూ ఎదురెదురుగా పరిచేసింది. పరిచాక తనకే అనుమానం వచ్చినట్టుంది, రెండోది తీసెయ్యాలా ఉంచాలా అని మొగుడి వైపు చూసింది. "ఉండనీ" అన్నాడాయన. నేను ఒకదాని మీద కూర్చున్నాను. అత్త, మా ఆయన గోడవారగా నిలబడ్డారు. అయ్యగారు కాస్త ఆలస్యంగా వచ్చారు. మోకాళ్ళ నొప్పుల మనిషి కదా, ఖాళీగా కనబడిన చాప మీద కూర్చోబోయారు.

"అయ్యగారూ, అక్కడ కూకోకండి" అన్నాడు పెద్దాయన.

అయ్యగారు సగం వంగినవారు అలాగే ఆగి, మెల్లగా నిటారుగా లేచి, వచ్చి అరుగు చివర కూర్చున్నారు. ఆ చాప వైపు మళ్ళీ చూడలేదు.

"ఇద్దరూ..." అని పెద్దాయన అలవాటుగా మొదలెట్టి గొంతు సవరించుకున్నాడు. "సెప్పమ్మా, ఏటి జరిగినాదో. ఎవలూ అడ్డు రారు."

ఎదురుగా ఎవరూ లేరు. మొదట మెల్లగానే మొదలెట్టాను.

"పిల్లని తీసుకెళ్ళాలనుకుంటే తీసుకెళ్ళిపోవాల. జొరం మద్దిలో ఎందుకు దించినావు? నలుగురినీ పిలిచి, పిల్లని సంకనేసుకుని, నీకు స్తోత్రం సెప్పినాను. అప్పుడు నీకు తెలుసు కదా? నాకైతే తెలీదు. నీకు తెలుసు. తెలిసీ సెప్పించుకున్నావు. పిల్ల పోయినందుకు నాకు ఏడుపు. నా సేత అలగ సెప్పించుకున్నందుకు కోపం. అవి రెండూ ఏరు. ఏడవొద్దన్నారు, ఏడవనేదు. కోపం ఎవలూ అడగనేదు. ఎక్కడ పెట్టుకోవాల దాన్ని?"

ఎప్పుడు లేచానో తెలియదు. ఆ చాప చుట్టూ తిరుగుతున్నాను. గొంతు పెరిగింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి ఉంటారు. పులిహోర గురించి కూడా తిట్టాను. పాప ఊపిరి ఎలా ఆగిందో చెప్పాను, ఒక్కొక్కటీ చెప్పాను. అయ్యగారు చెయ్యెత్తబోతే పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఏడుపు ఎప్పుడు కలిసిందో నాకు తెలియదు. సమాధి దగ్గర ఆపిన ఏడుపంతా రాగంతో సహా వచ్చింది. పెద్దాయన భార్య కూడా ఏడ్చేసింది. చివరికి కూలబడ్డాను. ఎక్కడ కూర్చున్నానో చూసుకోలేదు. నా చాప మీదే ఉన్నాను.

పద్ధతి ప్రకారం ఇప్పుడు అవతలివాళ్ళు చెప్పాలి. పెద్దాయన ఆ వైపు తిరిగి ఊరుకున్నాడు. మేమంతా ఊరుకున్నాం. ఎక్కడో కోడి కూసింది. ఎవరో బావిలో చేద వేశారు.

"అయ్యగారూ, వాక్యం ఏటి సెప్తాది?" అన్నాడు చివరికి పెద్దాయన.

అయ్యగారి గొంతు గుడిలో గొంతులా లేదు. "సిలువ మీద మన ప్రభువూ అడిగాడు, నన్నెందుకు వదిలేశావని. గట్టిగా కేకవేసి అడిగాడు. దానికి జవాబు వచ్చినట్టు రాసి లేదు" అన్నారు. ఇంకేదో అనబోయి మానేశారు. ఆ మానెయ్యడానికి నేను ఈనాటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "రేపట్నుంచి మాటలుంటాయేటి?"

"ఇన్నాళ్ళూ లేవు. ఇప్పుడే కదా మాటాడినాను" అన్నాను.

"అయితే బల్లకి రా. అవతలోళ్ళ సంగతి నా సేతిలో నేదు."

నా కోపం పోలేదు. ఎవరూ పొమ్మనలేదు కూడా. దేవుడి ముందుకి ఏది తీసుకెళ్ళాలో, ఏది గుమ్మం దగ్గర వదిలెయ్యాలో అని అప్పటిదాకా నాకు చెప్పినవాళ్ళంతా మంచివాళ్ళే. కానీ నేను గుమ్మం దగ్గర వదిలేస్తున్నది నన్నే. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు తెలిసిన విశ్వాసం ఇంతే. తిట్టాలన్నా ఆయన్నే తిట్టడం, ఏడవాలన్నా ఆయన ముందే ఏడవడం.

గుడికి వెళ్ళాం. పాటలయ్యాయి. రొట్టె పళ్ళెం ఆడవాళ్ళ వరసలోకి వచ్చింది. నా ముందు ఆగింది. ఓ ముక్క తీసుకుని పళ్ళెం అత్తకి అందించాను. అత్త దాన్ని రెండు చేతులా పట్టుకుంది. చాలాసేపు పట్టుకుని, ఏమీ తీసుకోకుండా పక్కావిడకి ఇచ్చేసింది.

చూడనివాళ్ళు లేరు. మా పెళ్ళికి ముందు నుంచీ ఆవిడ ఒక్క నెల కూడా బల్ల తప్పలేదు. నా మీద కోపంతోనే అనుకుని, "అత్తా, నా మూలానా?" అని చెవిలో అడిగాను.

"నువ్వు తిను. నువ్వు సెప్పుకున్నావు. నాను మొదలే పెట్టనేదు."

అర్థం కాలేదు. కూటమయ్యాక ముగ్గురం ఇంటికి బయల్దేరాం. ఎండ బాగా ఉందని మా ఆయన తల్లికి గొడుగు పట్టాడు. అత్త ఎప్పుడూ మాకంటే ముందు నడుస్తుంది. ఆ రోజు వెనకబడింది. బజారు మలుపు దాటాక రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఏమైందని మా ఆయన వెనక్కి వెళ్ళాడు. ఆవిడ ఆయన్ని చూడలేదు, నన్నూ చూడలేదు. గొడుగు పక్కకి తోసేసి తల పైకెత్తింది.

"కలరా యేడు" అంది. నాతో దెబ్బలాడేటప్పటి గొంతే అది. "పెద్దోడు నీళ్ళడిగినాడు. నీళ్ళిస్తే సచ్చిపోతాడన్నారు. నానియ్యనేదు. అడుగుతా అడుగుతానే పోనాడు. మర్నాడు సిన్నోడు. ఈడింకా కడుపులో ఉన్నాడు. ఈడికైనా ఏటీ కాకూడదని నీకు స్తోత్రం సెప్పినాను. భయపడి సెప్పినాను. ఇన్నేళ్ళూ భయపడే సెప్తన్నాను. ఇన్నావా?"

మా ఆయన చేతిలో గొడుగు అలాగే ఉంది. తనకు ఇద్దరు అన్నలుండేవారని ఆయనకు అప్పుడే తెలిసింది.